గమ్ ప్రింట్‌ని "యాప్ ఫిల్టర్" అని పోటీ నుంచి తీసేశారు. చేత్తో చేస్తే అది ఫోటో కాదా?

కొల్లేటి_నీడ
నిన్నటి నుంచి మనసు బాగాలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. మా వైపు జరిగిన ఒక ఫోటో పోటీకి నా గమ్ ప్రింట్ (తుమ్మబంకా రంగూ కలిపి చేత్తో వేసే ఫోటో ప్రింట్) పంపాను. కొల్లేట్లో తెల్లవారుజామున మంచు, ఒక నాటు పడవ, దాని మీద నిలబడి గెడ వేస్తున్న మనిషి. స్కాన్ చేసి పంపమన్నారు, పంపాను. "వాటర్ కలర్ ఫిల్టర్ వాడిన చిత్రం, నిబంధనలకు విరుద్ధం" అని ఒక్క లైను జవాబు వచ్చింది. ఫోన్ చేసి చెప్పబోతే వినలేదు.

ఆ ఒక్క ప్రింట్‌కి నాకు 19 రోజులు పట్టింది. ఫోటోని నెగటివ్‌గా మార్చి ఓహెచ్‌పీ షీట్ మీద ప్రింట్ తీసుకుని, తుమ్మబంక నీళ్ళలో వాటర్ కలరూ పొటాషియం డైక్రోమేటూ కలిపి కాగితానికి పూసి, చీకట్లో ఆరబెట్టి, నెగటివ్‌ని దాని మీద పెట్టి అద్దం బిగించి మేడమీద ఎండలో పెట్టి, ఆ తర్వాత నీళ్ళలో బోర్లా వేసి గంటసేపు వదిలేస్తే ఎండ తగలని చోట బంక కరిగిపోతుంది, తగిలిన చోట గట్టిపడి రంగుతో సహా కాగితానికి పట్టుకుంటుంది. ఇది ఒక రంగుకి. మూడు రంగులకి మూడుసార్లు మొదటినుంచి.

రెండు విషయాలు అడగాలి. ఒకటి, ఇది ఫోటో కాదంటే మరి ఏమిటి? రెండు, మూడో పూత (నీలం) నాకు ఎప్పుడూ సరిగ్గా రావడం లేదు. కొన్నిచోట్ల పెచ్చులు ఊడుతుంది, తెల్లగా ఉండాల్సిన ఆకాశంలో మాత్రం మరకలా ఉండిపోతుంది.

సూటిలెన్స్
మీ కష్టాన్ని తక్కువ చేయడం లేదు. కానీ పోటీవాళ్ళది పూర్తిగా తప్పు అనలేను. 22 ఏళ్ళుగా పత్రికకి ఫోటోలు తీస్తున్నాను. నాకు ఫోటో అంటే ఎదురుగా ఉన్నది ఉన్నట్టు పట్టుకోవడం. పెయింటింగ్ కావాలంటే పెయింటింగే వేయండి, అది గొప్ప కళ. కెమెరాతో తీసి, పెయింటింగ్‌లా కనపడేట్టు చేసి, ఫోటో బహుమతి అడగడం నాకు సబబుగా అనిపించదు.

మేడమీద_ల్యాబ్
సూటిలెన్స్ గారూ, ఆయన దేన్నీ మార్చలేదు కదా. కాగితం మారింది, ఇంకు మారింది, అంతే. ఉన్న పడవే ఉంది.

కొల్లేటి_నీడ
అబద్ధం చెప్పను, ఒకటి మార్చాను. ఫోటోలో కుడివైపు కరెంటు స్తంభం ఉంది. రెండో పూత నీళ్ళలో మెత్తగా ఉన్నప్పుడు కుంచెతో మెల్లగా తడుముతూ దాన్ని తీసేశాను. గమ్‌లో అది చేయొచ్చు, చేయాలనిపించింది.

సూటిలెన్స్
చూశారా. నేను చెప్పేది అదే. ఆ స్తంభం కొల్లేట్లో ఉంది, మీ కాగితం మీద లేదు.

తుమ్మబంక_వరంగల్
స్తంభం సంగతి తర్వాత, ముందు మూడో పూత సంగతి చూద్దాం, ఎందుకంటే ఆ బాధ నేనూ రెండేళ్ళు పడ్డాను.

మీరు చెప్పినవి రెండు వేరువేరు జబ్బులు. పెచ్చులు ఊడటానికి మామూలుగా కారణం పూత మందంగా ఉండటం, లేదా ఎండ చాలకపోవడం. వెలుగు పైనుంచి వస్తుంది, కాబట్టి గట్టిపడటం పైనుంచే మొదలవుతుంది. పూత మందంగా ఉంటే పైపొర గట్టిపడుతుంది, అడుగున మెత్తగానే ఉంటుంది, నీళ్ళలో వేయగానే అడుగు కరిగి పైపొర పెచ్చులా లేచి వచ్చేస్తుంది. పలచగా పూయండి, ముదురు రంగు కావాలంటే ఇంకో పూత వేయండి. ఒక్క పూతలో నలుపు నుంచి తెలుపు దాకా అన్ని ఛాయలూ గమ్ పట్టుకోలేదు, అది దాని గుణం. నీడలకి ఒక పూత, మధ్య ఛాయలకి ఒకటి, వెలుగులకి పలచగా ఒకటి, ఇలా ఒకే రంగుతో మూడు వేసేవాళ్ళున్నారు.

ఆకాశంలో మరక వేరే. కాగితానికి సైజింగ్ (రంగు నారలోకి ఇంకకుండా పూసే పొర, ఎక్కువగా జెలటిన్‌తో) పోయి రంగు నేరుగా నారలోకి దిగిపోయింది. రెండు పూతలకి గంటలు గంటలు నానబెట్టారు కదా, పైనున్న జెలటిన్ ఎంతో కొంత పోయి ఉంటుంది. మళ్ళీ సైజింగ్ పెట్టండి. మీరు అసలు సైజింగ్ పెట్టారా?

కొల్లేటి_నీడ
కాగితం కొన్నప్పుడు ఉన్నదే. 300 జీఎస్ఎమ్ కాటన్ కాగితం. విడిగా ఏమీ పెట్టలేదు.

తుమ్మబంక_వరంగల్
అదీ విషయం. వాటర్ కలర్ వేసుకోవడానికి ఆ సైజింగ్ సరిపోతుంది, గమ్‌కి సరిపోదు. పైగా మొదట వేడినీళ్ళలో నానబెట్టి ఆరబెట్టారా? లేకపోతే మొదటి పూత కడిగాక కాగితం కుంచించుకుపోతుంది, రెండోసారి నెగటివ్ సరిగ్గా కూర్చోదు, పడవకి రెండు అంచులు వస్తాయి.

కొల్లేటి_నీడ
వచ్చాయి!! మంచు వల్ల అందంగా ఉందని అనుకున్నాను.

అరకు_సావిత్రి
జెలటిన్ జంతువుల నుంచి తీసేది కదా, అది వాడటం నాకు ఇష్టం లేదు. శాకాహారులకి దారి ఏమైనా ఉందా?

నీలిముద్ర
సావిత్రి గారూ, గంజి పెట్టండి. నిజంగానే అంటున్నాను. పాత రోజుల్లో ఫోటో కాగితాలకి పాలగుండ పిండి కాచి సైజింగ్ పెట్టేవాళ్ళు, మనం నేత చీరకి గంజి పెట్టినట్టే. జెలటిన్ అంత గట్టి రక్షణ ఇవ్వదు కానీ ఒకటి రెండు పూతలకి పనికొస్తుంది. పలచగా కాచి, వెడల్పు కుంచెతో రెండు దిక్కులా పూసి ఆరబెట్టాలి.

అరకు_సావిత్రి
మా అమ్మమ్మ గంజి పెట్టిన చీర ఆరాక నిలబెడితే నిలబడేది. ఆ కాగితం మీద గమ్ ఎలా వస్తుందో చూడాలి.

పాతరీలు
సూటిలెన్స్ గారు అన్న మాట కొత్తది కాదు, నూట ఇరవై ఏళ్ళ నాటి తగువు. నాకు ఇష్టమైన విషయం కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

డైక్రోమేట్ పూసిన కాగితం వెలుగుకి మారుతుందని 1839లోనే స్కాట్లాండ్‌లో ముంగో పాంటన్ చూపించాడు. 1855లో ఫ్రాన్స్‌లో పోయిట్‌విన్ దాంట్లో రంగు కలిపి బొమ్మ తీయొచ్చని పేటెంట్ తీసుకున్నాడు. అప్పట్లో వాళ్ళ దృష్టి అందం మీద లేదు, వెండి ఫోటోలు వెలిసిపోతున్నాయి, వెలిసిపోని ఫోటో కావాలి, అంతే. తర్వాత నలభై ఏళ్ళు దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

1888లో కొడాక్ కెమెరా వచ్చాక కథ మారింది. మీట నొక్కితే చాలు, ఫోటో వచ్చేస్తుంది. ఇంటింటా కెమెరా. అప్పుడు ఫోటోని కళగా చూసేవాళ్ళకి ఒక ప్రశ్న వచ్చింది: యంత్రమే అంతా చేస్తే ఇందులో మనిషి ఎక్కడ? ఆ ప్రశ్నకి జవాబుగా పుట్టిందే పిక్టోరియలిజం, అంటే ఫోటోని పెయింటింగ్‌లా చేత్తో దిద్దే దారి. ఆ దారి పట్టిన బృందాలే 1892లో లండన్‌లో లింక్డ్ రింగ్, 1902లో న్యూయార్క్‌లో ఫోటోగ్రాఫర్ స్టీగ్లిట్జ్ పెట్టిన ఫోటో సెసెషన్. 1894 ప్రాంతంలో పారిస్‌లో రొబేర్ దమాషీ గమ్‌ని మళ్ళీ బయటికి తీశాడు. ఆయన ప్రింట్లలో కుంచె గీతలు దాచలేదు, కావాలనే కనపడనిచ్చాడు. వియన్నాలో హైన్రిక్ క్యూన్, హెన్నెబెర్గ్, వాట్జెక్ ముగ్గురూ కలిసి గమ్‌ని పూత మీద పూతగా, పెద్ద పెద్ద సైజుల్లో వేశారు. ఫ్రాంక్ యూజీన్ అయితే నెగటివ్ మీదే సూదితో గీతలు గీసేవాడు.

ఇక అమెరికా ఫోటోగ్రాఫర్ ఎడ్వర్డ్ స్టైకెన్. 1904లో తీసిన చెరువు మీద వెన్నెల ఫోటో. రంగు ఫోటోలు మామూలు జనానికి అందకముందే, గమ్ పూతలతో అందులో నీలమూ ఆకుపచ్చా తెచ్చాడు. ఆ ఫోటోకి తెలిసిన ప్రింట్లు మూడే, ఒకదానికొకటి పోలిక ఉండదు. 2006లో వాటిలో ఒకటి వేలంలో 29 లక్షల డాలర్లకి పైగా పలికింది. ఆయనదే న్యూయార్క్ ఫ్లాటిరాన్ భవనం ఫోటో, ప్లాటినం ప్రింట్ (వెండి బదులు ప్లాటినంతో తీసేది) మీద గమ్ పూతలు, 2022లో కోటి పద్దెనిమిది లక్షల డాలర్లు. కొల్లేటి_నీడ గారి పడవ ఆ వరసలోది. దాన్ని యాప్ ఫిల్టర్ అన్నవాళ్ళకి ఈ వరస తెలియదు.

ఫిల్టర్_కుర్రాడు
నాకు నిజంగా తెలియక అడుగుతున్నాను, కోపం తెచ్చుకోకండి. నేను ఫోన్‌లో ఒక బటన్ నొక్కితే రెండు సెకన్లలో ఇలాంటిదే వస్తుంది. చూసేవాడికి తేడా ఏంటి? స్కాన్‌లో చూస్తే నాకూ ఫిల్టర్‌లాగే అనిపించింది.

మేడమీద_ల్యాబ్
మంచి ప్రశ్న తమ్ముడూ. స్కాన్‌లో తేడా తక్కువే, అందుకే ఆ పోటీవాళ్ళు పొరపాటు పడ్డారు. కాగితాన్ని చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గర వాలుగా పట్టుకుని చూడు. నీడలు ఉన్నచోట బంక పొర ఎత్తుగా, కాస్త మెరుస్తూ ఉంటుంది. వెలుగులు ఉన్నచోట ఉత్త కాగితం. అంటే బొమ్మకి ఎత్తుపల్లాలుంటాయి.

ఇంకోటి, ఫిల్టర్ నీ ఫోటోలో ఏది ముఖ్యమో చూడదు, అన్నిచోట్లా ఒకేలా పూస్తుంది. నీళ్ళలో కాగితం ఉన్నప్పుడు మాత్రం నువ్వు ప్రతి అంగుళం దగ్గరా ఆగి ఆలోచిస్తావు, ఇక్కడ ఇంకా కరగనివ్వాలా, ఇక్కడ తీసేయాలా అని. ఒకసారి మా చెల్లి ముఖం ప్రింట్ కడుగుతుంటే కుళాయి ధార కొంచెం ఎక్కువ తగిలి ఒక కన్ను పోయింది. మళ్ళీ నాలుగు రోజులు.

సూటిలెన్స్
పాతరీలు గారు సగం చరిత్రే చెప్పారు. మిగతా సగం నేను చెప్తాను.

1904లోనే శాడకీచీ హార్ట్‌మన్ అనే విమర్శకుడు ఈ గీతలూ పూతలూ ఆపి సూటిగా ఫోటో తీయండి అని వ్యాసం రాశాడు. స్టీగ్లిట్జ్ నడిపిన కెమెరా వర్క్ పత్రిక 1917లో ఆఖరి సంచిక వేసింది, అది ఎవరికి ఇచ్చాడు? పాల్ స్ట్రాండ్‌కి. మసక లేదు, కుంచె లేదు, ఉన్నది ఉన్నట్టు. మీ స్టైకెన్ కూడా మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి విమానాల మీంచి తీసే ఫోటోల పని చూశాక ఆ మసక దారి వదిలేశాడు, తన పెయింటింగ్స్‌కి తనే నిప్పు పెట్టాడు. దమాషీ అయితే 1914లో ఫోటోగ్రఫీ మొత్తం మానేశాడు, మనవళ్ళని కూడా ఫోటో తీయలేదంటారు. 1932లో కాలిఫోర్నియాలో మసక లేని సూటి ఫోటోలే తీయాలన్న ఎఫ్ 64 గ్రూపు వచ్చింది, ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్, ఇమోజెన్ కన్నింగ్‌హామ్. ఆ దారి మొదలుపెట్టినవాళ్ళే వదిలేస్తే మనం ఎందుకు పట్టుకోవాలి?

నా అభ్యంతరం అసలు చోట వేరే. నేను ఒక తుపాను తర్వాత దివిసీమలో ఫోటోలు తీశాను. ఆ ఫోటోల్లో ఒక్క స్తంభం తీసేసినా అది నేరం. నా పని ఆ నమ్మకం మీద నిలబడి ఉంది. ఫోటో అంటే జనం నమ్ముతారు. ఆ నమ్మకాన్ని మనం కళ పేరుతో కొంచెం కొంచెంగా కొరికేస్తే చివరికి తుపాను ఫోటోని కూడా నమ్మరు. నా భయం అది.

పాతరీలు
ఇది మంచి వాదన, ఒప్పుకుంటాను. పత్రిక ఫోటో గురించి మీరు చెప్పినదాంట్లో నాకు ఒక్క అక్షరం కూడా తేడా లేదు.

కానీ ఎఫ్ 64 వాళ్ళు గెలిచిన తీరు నాకు నచ్చదు. అదే కాలిఫోర్నియాలో విలియం మోర్టెన్సెన్ అనే ఫోటోగ్రాఫర్ ఉండేవాడు. బ్రోమాయిల్ (జిడ్డు ఇంకుతో వేసే ప్రింట్) వేసేవాడు, నెగటివ్‌కీ కాగితానికీ మధ్య గీతల తెరలు పెట్టి ప్రింట్ తీసేవాడు, ప్రింట్‌ని బ్లేడుతో గీకేవాడు. చూస్తే ఎచింగ్ (లోహపు రేకు మీద గీసి అచ్చు వేసే బొమ్మ) అనుకుంటాం. ఆడమ్స్ ఆయన్ని ఏకంగా క్రీస్తు విరోధి అన్నాడు. వాళ్ళ స్నేహితులు రాసిన ఫోటోగ్రఫీ చరిత్రల్లో చాలాకాలం మోర్టెన్సెన్‌కి చోటే లేకుండా పోయింది. వాదించి ఓడించడం వేరు, పేరు లేకుండా చేయడం వేరు. కొల్లేటి_నీడ గారికి వచ్చిన ఒక్క లైను జవాబు నాకు ఆ రెండో రకంగా కనపడింది.

సూటిలెన్స్
ఫోన్‌లో వినకపోవడం తప్పే. అది ఒప్పుకుంటాను.

నల్లఇంకు
బ్రోమాయిల్ పేరు వచ్చింది కాబట్టి నేను ఆగలేను. మీలో ఎవరైనా వేశారా? నేను కాకినాడలో ఉంటాను, మూడేళ్ళుగా వేస్తున్నాను.

చెప్తే నమ్మరు. మామూలు బ్రోమైడ్ ప్రింట్ (జెలటిన్ పొరలో వెండితో వచ్చే నలుపు తెలుపు ఫోటో) తీసుకుని మైలుతుత్తం, పొటాషియం బ్రోమైడ్, డైక్రోమేట్ కలిపిన నీళ్ళలో వేస్తే బొమ్మ మాయమైపోతుంది. వెండి పోతుంది. కానీ వెండి ఎంత ఉండేదో అంత మేర జెలటిన్ గట్టిపడి ఉంటుంది. అంటే బొమ్మ కళ్ళకి కనపడదు, కాగితానికి మాత్రం గుర్తుంటుంది. నీళ్ళలో నానబెడితే వెలుగు ఉన్నచోట జెలటిన్ ఉబ్బి నీళ్ళు పట్టుకుంటుంది, నీడ ఉన్నచోట పట్టుకోదు. నూనెకీ నీళ్ళకీ పడదు కదా, జిడ్డు ఇంకు తీసుకుని కుంచెతో టక్ టక్ టక్ మని పొడుస్తూ పోతే ఇంకు నీడల్లోనే నిలుస్తుంది. తెల్ల కాగితం మీదకి మనిషి ముఖం మెల్లగా తిరిగి వస్తుంది. మొదటిసారి మా నాన్న ముఖం అలా వచ్చినప్పుడు కుంచె పక్కన పెట్టి కాసేపు కూర్చుండిపోయాను. ఆయన పోయి అప్పటికి రెండేళ్ళు.

కుంచె గట్టిగా పొడిస్తే ఒకలా, తేలిగ్గా పొడిస్తే ఒకలా వస్తుంది. చేయి మాట్లాడుతుంది, కాదనను. కానీ ఎక్కడ నీడ ఉందో అక్కడే ఇంకు నిలుస్తుంది, నేను ఎంత పొడిచినా వెలుగు ఉన్నచోట నిలవదు. నాకు అది ఫోటోయే.

కొల్లేటి_నీడ
నల్లఇంకు గారూ, ఇది చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను.

స్టూడియో_మనవడు
మా తాతయ్యకి తెనాలిలో స్టూడియో ఉండేది. ఈ చర్చ చూస్తుంటే నాకు ఒకటే అనిపిస్తోంది, పెయింటింగ్‌లాంటి ఫోటో అనేది పారిస్ నుంచి, న్యూయార్క్ నుంచి మనకి రావాల్సిన పని లేదు. మన ప్రతి ఇంట్లో గోడకి వేలాడుతోంది.

తాతయ్య ముందు నెగటివ్ మీద పని మొదలుపెట్టేవాడు. ఏటవాలు బల్ల, వెనక నుంచి వెలుగు, చేతిలో ముల్లులా చెక్కిన పెన్సిల్. నెగటివ్‌కి మందు రాసి దాని మీద చిన్న చిన్న చుక్కలు పెడుతూ కళ్ళ కింద ముడతలు, అమ్మవారు పోసిన మచ్చలు తీసేసేవాడు. నెగటివ్‌లో ముడత తెల్లగా కనపడుతుంది, దాని మీద పెన్సిల్ పడితే ప్రింట్‌లో నున్నగా వస్తుంది. ప్రింట్ ఆరాక రంగులు. బుగ్గలకి గులాబీ, పెదాలకి ఎరుపు, చీరకి ఇంటివాళ్ళు చెప్పిన రంగు. పుల్లకి దూది చుట్టి, రంగులో ముంచి, బ్లాటింగ్ కాగితం మీద అద్ది, అప్పుడు ముఖం మీద పెట్టేవాడు. మెడలో లేని కాసులపేరు కూడా పెట్టేవాడు. చనిపోయినవాళ్ళకి ఒక్క పాస్‌పోర్ట్ ఫోటోయే ఉంటే, అదీ నలిగిపోయి ఉంటే, దాన్ని పెద్దది చేసి, పోయిన భుజాన్ని గీసి, నుదుట బొట్టు పెట్టి, వెనక నీలం రంగు వేసి ఇచ్చేవాడు.

ఒకావిడ వచ్చి మా ఆయన ఎప్పుడూ కోటు వేసుకోలేదు, ఫోటోలో అయినా వేయండి బాబూ అని అడిగిందట. తాతయ్య వేశాడు. ఆ కోటు అబద్ధమని ఎవరు అంటారు? ఆ ఇంట్లోవాళ్ళు దాన్ని పెయింటింగ్ అనలేదు, నాన్నగారి ఫోటో అన్నారు.

పాతరీలు
మనవడు గారూ, చాలా మంచి విషయం గుర్తుచేశారు. మన దేశంలో ఇది 19వ శతాబ్దం నుంచే ఉంది. సంస్థానాల రాజుల ఫోటోల మీద చిత్రకారులు చిక్కటి రంగు వేసి, నగలూ జరీ కుంచెతో దిద్ది, ఒక్కోసారి కింద ఫోటో ఉందని కూడా తెలియకుండా చేసేవాళ్ళు. పటం వేసే చేయి మనకి ముందే ఉంది, కెమెరా తర్వాత వచ్చి దాని కింద చేరింది.

కరీంనగర్_కెమెరా
మన దగ్గర పిక్టోరియల్ అంటే ఫోటోగ్రాఫర్ రాజన్ బాబు గారిని తలుచుకోకుండా ఎలా? కోరుట్ల నుంచి వెళ్ళి హైదరాబాద్‌లో ఆ పేరు నిలబెట్టారు. ఫోటో బొమ్మలా ఉండాలి అనే మాట మా తరానికి ఆయన ఫోటోలు చూశాకే అర్థమైంది.

సూటిలెన్స్
మనవడు గారి పోస్ట్ రెండుసార్లు చదివాను. మా ఇంట్లోనూ మా పెద్దమ్మ ఫోటో అలాంటిదే ఉంది, పచ్చ చీర. ఆవిడ ఆ చీర కట్టిందో లేదో నాకు తెలియదు, కానీ ఆవిడ అంటే నాకు ఆ చీరే గుర్తొస్తుంది. దాని మీద ఇంకా ఆలోచించాలి.

టీచరమ్మ_కెమిస్ట్రీ
ఇంతసేపూ డైక్రోమేట్ గురించి ఉప్పు పప్పు గురించి మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు. అందరూ ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి.

డిగ్రీ ల్యాబ్‌లో టైట్రేషన్‌కి వాడిన నారింజ రంగు స్ఫటికాలే ఇవి. ఇందులో ఉన్నది ఆరో సంయోజకత క్రోమియం. క్యాన్సర్ తెప్పించే పదార్థం. చర్మం మీద చిన్న గాయం ఉన్నచోట పడితే మానని పుండు పడుతుంది, కొందరికి ఒకసారి అలర్జీ మొదలైతే జన్మంతా వదలదు. పొడి తూచేటప్పుడు ఫ్యాన్ ఆపేయాలి, మాస్క్ పెట్టుకోవాలి. కడిగేటప్పుడు నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి, వేళ్ళతో తడమొద్దు. వంటింటి గిన్నెలు, కొలత చెంచాలు వాడి మళ్ళీ లోపల పెట్టొద్దు. పిల్లలున్న ఇంట్లో తాళం వేసిన చోట, సీసా మీద పెద్దగా పేరు రాసి పెట్టండి.

మిగిలిన ద్రావణాన్ని కాలువలో పోయొద్దు, కొల్లేటి పక్కన ఉండి అసలు పోయొద్దు. కొంచెం ఆమ్లం చేసి సోడియం మెటాబైసల్ఫైట్ కలిపితే నారింజ రంగు ఆకుపచ్చగా మారుతుంది, అంటే మూడో సంయోజకతకి దిగింది, ప్రమాదం చాలా తగ్గింది. అది కలిపేటప్పుడు ఘాటు వాయువు వస్తుంది, బయట గాలిలో చేయండి. ఆ పచ్చ నీళ్ళని కూడా వేరే డబ్బాలో దాచి రసాయన వ్యర్థాలు తీసుకునేవాళ్ళకి ఇవ్వాలి.

కొల్లేటి_నీడ
టీచరమ్మా, మెటాబైసల్ఫైట్ ప్రింట్‌లో పసుపు మరక తీయడానికి వాడుతున్నాను కానీ వ్యర్థాలకి వాడాలని తెలియదు. గ్లవ్స్ కూడా ఒక్కోసారి వేసుకోలేదు. ఇవాళ్టి నుంచి తప్పకుండా వేసుకుంటాను.

టీచరమ్మ_కెమిస్ట్రీ
ఒక్కోసారి కాదు, ప్రతిసారీ. మీ చేతులు బాగుంటేనే కదా మాకు ఇంకో పడవ వచ్చేది.

మేడమీద_ల్యాబ్
తెలిసినవాళ్ళు కొందరు డైక్రోమేట్ మానేసి డాస్ అనే పదార్థంతో గమ్ ప్రింట్లు, కార్బన్ ప్రింట్లు (జెలటిన్‌తో వేసే ఇంకో రకం) వేస్తున్నారు. ధర ఎక్కువ, కానీ క్రోమియం గొడవ లేదు.

డల్లాస్_డార్క్‌రూమ్
నేను అమెరికా వచ్చిన కొత్తలో రసాయనాలేవీ లేకుండా ఇలాంటి పని చేశాను. తీసిన వెంటనే ఫోటో బయటికి వచ్చే పోలరాయిడ్ ఎస్ఎక్స్ 70 కెమెరా, దానికి టైమ్ జీరో అనే ఫిల్మ్. ఫోటో బయటికి వచ్చాక గంటల తరబడి లోపలి పొర మెత్తగానే ఉండేది. నేను స్వెటర్లు అల్లే సూదితో పైనుంచి నొక్కుతూ గీస్తే రంగులు వెన్నలా కదిలేవి. మా అపార్ట్‌మెంట్ ముందు చెట్టు ఆకులన్నీ సుడులు సుడులుగా తిప్పాను. 2000ల మధ్యలో ఆ ఫిల్మ్ ఆగిపోయింది. తర్వాత వచ్చిన వాటితో ఆ పని కుదరలేదు. నా దగ్గర 41 ఫోటోలు ఉన్నాయి, అంతే, ఇక రావు.

గమ్ అలా కాదు. బంక, రంగు, ఎండ. వీటిని ఏ కంపెనీ ఆపలేదు. అందుకే మీ అందరినీ చూస్తే నాకు అసూయగా ఉంది.

అరకు_సావిత్రి
ఆ చెట్టు ఫోటో ఒకటి పెట్టండి దయచేసి.

నీలిముద్ర
కొల్లేటి_నీడ గారి మూడో పూతకి నా దగ్గర ఇంకో దారి ఉంది. నీలాన్ని చివర్లో వేయకండి, ముందే వేసేయండి, అదీ గమ్‌తో కాదు, సయనోటైప్‌తో.

1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన పద్ధతి. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్, రెండు ద్రావణాలు కలిపి పూసి ఎండలో పెట్టి నీళ్ళలో కడిగితే నీలం బొమ్మ. ఇంజనీర్ల బ్లూప్రింట్ అంటే ఇదే. బంక ఉండదు, రంగు నారలోనే పుడుతుంది కాబట్టి పెచ్చులు ఊడే ప్రశ్నే లేదు. గమ్ కన్నా గీత స్పష్టంగా వస్తుంది. అదే అడుగున ఉంటే పై పూతలకి నెగటివ్ ఆనించుకోవడం కూడా తేలిక. దాని మీద సైజింగ్ పెట్టి, పసుపు గమ్, తర్వాత ఎరుపు గమ్. సబ్బు, చాకలి సోడా తగలనివ్వొద్దు, నీలం వెలిసిపోతుంది.

తుమ్మబంక_వరంగల్
ఇది నా సలహా కన్నా మంచిది. నేను కూడా ఇదే చేస్తాను ఇక.

ఇంకో రెండు ముక్కలు. కిరాణాలో కొన్న బంక వాడుతుంటే లేత రంగు ముక్కలు ఏరుకోండి, రాత్రంతా నానబెట్టి పాత పంచె గుడ్డలో వడకట్టండి. కలిపిన బంక ఎండాకాలం నాలుగు రోజుల్లో పులుస్తుంది, ఫ్రిజ్‌లో పెట్టండి, కానీ పేరు రాసి పెట్టండి. మా అమ్మ తేనె అనుకుని రొట్టెకి రాయబోయింది. డైక్రోమేట్ కలిపినది మాత్రం ఫ్రిజ్ దరిదాపులకి కూడా తేవద్దు.

పూసిన కాగితం అదే రోజు వాడేయాలి. చీకట్లో ఉంచినా దానంతట అదే గట్టిపడుతూ ఉంటుంది, వానాకాలం గాలిలో తేమ ఎక్కువైతే ఇంకా త్వరగా. జూలైలో నేను రాత్రి పూసి పొద్దున వాడదామనుకుంటే కాగితమంతా ఒకే రంగు, ఏ చోటా కరగలేదు.

ఫిల్టర్_కుర్రాడు
నేను సయనోటైప్ కిట్ ఆర్డర్ పెట్టాను. మా మేడమీద కూడా ఎండ బాగా వస్తుంది. డైక్రోమేట్ జోలికి ఇప్పుడే పోను టీచరమ్మా.

టీచరమ్మ_కెమిస్ట్రీ
మంచి పని. దానికీ గ్లవ్స్ వేసుకో బాబూ, నీలం వేళ్ళతో పెళ్ళికి వెళ్ళాల్సి వస్తుంది.

కొల్లేటి_నీడ
పదహారు రోజుల తర్వాత వస్తున్నాను. నీలిముద్ర గారు చెప్పినట్టు చేశాను. వేడినీళ్ళలో నానబెట్టడం, ఆరబెట్టడం, సయనోటైప్, జెలటిన్, పసుపు, ఎరుపు. మధ్యాహ్నం ఎండలో అద్దం వేడెక్కి నెగటివ్ అంటుకుంటోందని ఉదయం ఎనిమిదిన్నరకే పెట్టాను, నిమిషం ఎక్కువ పట్టింది, అంతే. ఆకాశంలో మరక లేదు. పడవకి ఒకే అంచు ఉంది. మంచు నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్న కొల్లేటి మంచులా, నీలంలోంచి పసుపులోకి పోతూ వచ్చింది.

స్తంభాన్ని ఈసారి తీయలేదు. సూటిలెన్స్ గారి మాట వల్ల కాదు, కొంచెం దాని వల్లే అనుకోండి. అడుగున సయనోటైప్‌లో అది స్పష్టంగా వచ్చేసింది, నీలం గీతలా. దాని మీద పసుపు పూతని కుంచెతో కొంచెం పలచన చేశాను. ఉంది, కానీ దూరంగా ఉంది. ఎడమవైపు నీళ్ళలో మాత్రం నా కుంచె గీతలు అలాగే వదిలేశాను, దాచాలనిపించలేదు.

పోటీవాళ్ళకి మళ్ళీ రాయలేదు. వచ్చే ఏడు స్కాన్ కాకుండా ప్రింట్‌నే తీసుకుంటారా అని మాత్రం అడుగుతాను.

నల్లఇంకు
స్కాన్ పెట్టినందుకు సంతోషం. గెడ పట్టుకున్న మనిషి చేతి దగ్గర ఎరుపు ఎంత బాగా ఆగిందో!

సూటిలెన్స్
స్తంభం ఉంచినందుకు థాంక్స్. పత్రిక ఫోటో గురించి నా మాట మారదు, అది వేరే. పోటీల్లో దీనికి విడిగా ఒక విభాగం ఉండాలని మాత్రం ఇప్పుడు అనుకుంటున్నాను, ప్రింట్ చేతికిచ్చి చూపించే విభాగం. స్కాన్‌లో నాకు తృప్తిగా లేదు, మీ బంక పొర వాలుగా పట్టుకుని చూడాలని ఉంది. నేను విజయవాడలో ఉంటాను, ఆదివారం ఏలూరు వైపు పని ఉంది. రమ్మంటే వస్తాను. మా పెద్దమ్మ ఫోటో కూడా తెస్తాను, పచ్చ రంగు ఒక మూల పెచ్చు లేస్తోంది, స్టూడియో_మనవడు గారు ఏం చేయాలో చెప్తే బాగుంటుంది.

స్టూడియో_మనవడు
అస్సలు తుడవకండి, నీళ్ళు తగలనివ్వకండి. అద్దం ఆ పెచ్చుకి ఆనుతోందేమో చూడండి, ఆనుతుంటే ఫ్రేమ్ విప్పొద్దు, అలాగే బల్లపరుపుగా పెట్టి తీసుకెళ్ళండి. నేను తెనాలి నుంచి రైల్లో వచ్చేస్తాను, చూశాకే చెప్తాను.

కొల్లేటి_నీడ
ఇద్దరూ రండి. కాకపోతే ఆదివారం వాన అంటున్నారు, ప్రింట్ చూడటానికి ఫర్వాలేదు, వేసి చూపించాలంటే మాత్రం ఎండ ఉండాలి. సోమవారం దాకా ఉండగలిగితే పొద్దున్నే ఒక కాగితం పూసి ఉంచుతాను.